ఎర్ర దీపం వెలిగిందా

మొదటిసారి కటాక్షపూర్ మత్తడి దాటినంక.
ఎనుక పందొమ్మిది బస్తాల మిర్చి,
ముంగట ఇంకా తెల్లారని రోడ్డు.
దగ్గలేదు, మూలగలేదు,
మాట మధ్యల మనిషి లేచిపోయినట్టు
ఇంజను ఊకున్నది.

సీటు లేపి బ్యాటరీ లైటు కొట్టి చూసిన.
అన్నీ ఉన్నచోటనే ఉన్నయ్.
మల్ల తాళం తిప్పితే
నాకేం తెల్వదన్నట్టు లేచింది.

రెండోసారి గూడెప్పాడు కాడ.
మూడోసారి ఎనుమాముల మార్కెట్ గేటు ముందర,
ఎనుక లారీవాడు మా అమ్మను యాది చేసిండు.

ఆత్మకూరుల ఒకడు ఫిల్టర్ మార్చిండు.
నర్సంపేట రోడ్డుకు ఇంకొకడు ట్యాంకి దించి కడిగి
దోసెడు తుప్పు చూపెట్టి
"ఇగో నీ రోగం" అన్నడు.
పద్దెనిమిది వందలు ఇచ్చిన. నమ్మిన.
పదకొండు రోజులు నడిచింది.
మా సారక్క నిమ్మకాయలు కట్టింది.
అవీ పదకొండు రోజులే.
మెకానిక్‌కూ నిమ్మకాయకూ
ఒకటే గ్యారంటీ.

పూరాగ చెడిన బండి నయం,
చెడిన అని ఒప్పుకుంటది.
ఇది షెడ్డుకు తెస్తే
ఇన్‌స్పెక్షన్ నాటి పిలగానిలెక్క
చేతులు కట్టుకొని మంచిగ నిలబడుతది.
నేనే అబద్ధమాడినట్టు
అందరూ నా మొఖం చూసుడు.

కాశిబుగ్గల జానీమియా పానా పట్టలే.
చాయ సాసర్ల పోసుకొని అడిగిండు:
"మొగిలన్నా, గుంత ముందా, గుంత దాటినంకనా?"
"దాటినంక."
"ఆగినప్పుడు మీటర్ల ఎర్ర దీపం వెలిగిందా?
అన్నీ ఆరిపోయినయా?"
"చూడలే."
"నాలుగు నెలలసంది పానం పోతాంటే
ఒక్కపారన్న మొఖం చూడకపోతివి."

డీజిల్ అందక ఆగితే
ఎర్ర దీపాలు వెలిగి పిలుస్తయట.
కరెంటే తెగితే
అన్నీ ఒక్కపారే కండ్లు మూస్తయట.
బయటికి ఒక్కతీరుగనే కనబడే
రెండు వేరే వేరే చావులు.

ఇద్దరం ఎక్కినం.
రైలు పట్టాల మీదికెల్లి పోయినం, వచ్చినం.
ఇన్నొద్దులు ఆగొద్దని మొక్కినోన్ని
ఆ పొద్దు ఆగుమని మొక్కిన.
ఆగలే.
నాలుగో మలుపుకు, స్పీడ్ బ్రేకర్ దిగుతాంటే
చీకటి.
ఒక్క దీపం లేదు.

జానీమియా ఇంజను దిక్కే చూడలే.
చెయ్యి నా మోకాలు కాడికి వచ్చింది.
తాళానికి యాలాడే గుత్తి
ఇంకా ఊగుతనే ఉంది.
అరచేతిల లేపి పట్టి "కొట్టు" అన్నడు. లేచింది.
కిందికి గుంజిండు. ఆగింది.
మల్ల లేపిండు. మల్ల గుంజిండు.

"ఇదెక్కడిది?"
"ఇల్లు."
"ఇది?"
"గోదావరిఖనిల కిరాయి అర్ర."
"ఖాళీ చేసి?"
"ఆరేండ్లు."
"ఇది?"
"మూతబడ్డ పిండిగిర్ని షట్టర్."
"ఇది?"
"అమ్మిన లూనాది."
"మరి ఈ ఇత్తడిది?"
చానసేపు చూసిన.
యాదికి రాలే.

నవ్వుతడనుకున్న. నవ్వలే.
తన నడుముకున్న గుత్తిని
ఒకపారి తడిమి చూసుకొని
స్విచ్ ఇప్పుడు మొదలుపెట్టిండు.
లోపల ఇత్తడి రేకు
అరిగి అరిగి చంద్రవంకలెక్క అయ్యింది.
మూడు వందల యాభై, చాయ పైసలు నావి.

ఇప్పుడు బండికి ఒక్కటే తాళంచెవి,
మెడల ఏం లేకుంట.
తక్కినయి హార్లిక్స్ సీసల ఏసి సీటు కింద పెట్టిన.
పారేస్త అని రెండుపార్లు సీస మూత తీసిన.

గూడెప్పాడు గుంతలల్ల అవి గల్లుమంటయ్.
ఇంజను ఇనదు, పోతనే ఉంటది.
నేనే ఇంకా
కాలు జరంత లేపి
ఎర్ర దీపం ఉండే జాగ దిక్కు
ఒకపారి చూస్త.